గొడుగుతో దుప్పి వేట

కిందటి డిసెంబరులో మా మామగారు ఆదిలాబాద్ నుంచి సింగపూర్ వచ్చారు. యీషున్ దాటాక అడవి అంచున బస్సు కోసం నిలబడ్డాం. అప్పుడే వాన వెలిసింది. రోడ్డుకు అవతల చెట్ల సందులోంచి ఒక దుప్పి తల బయటపెట్టింది.

వేట మీద నిషేధం రాకముందు, ఎముకలు కొరికే చలిలో దుప్పుల కోసం అడవులు పట్టి తిరిగిన మనిషాయన. "కదలకుండ్రి, గాలి మన దిక్కే వస్తున్నది" అని గుసగుసలాడుతూ, ముడిచిన గొడుగును తుపాకీలా భుజానికి ఆనించారు.

"తాతా, జస్ట్ డీర్ లా!" అంది మా అమ్మాయి, సింగపూర్ ఇంగ్లీషు యాసలో "లా" సాగదీస్తూ.

ఆయన వేలు బటన్ మీద పడింది. గొడుగు ఫట్టున విచ్చుకుంది. దుప్పి మాయం! బస్ స్టాప్‌లో అందరూ మావైపే చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన మాత్రం తడి కళ్లతో నవ్వారు. "అప్పటి సలికి చేతులు వణికినా ఒక్క గురి గూడ తప్పలె బిడ్డా. ఇయ్యాల తప్పింది, మంచిగైంది."

ఆ గొడుగును ఇప్పటికీ నేను నెమ్మదిగానే విప్పుతాను.