ఊదారంగు మంట

మా వదిన దేన్నీ మొదటి చూపులో నమ్మదు, మంటనైతే మరీనూ. ఆ అలవాటు ఆమెకు ఎలా అబ్బిందో నాకు తెలుసు.

పిల్లలిద్దరూ బడికి పోవడం మొదలయ్యాక, మధ్యలో ఆగిపోయిన డిగ్రీని వదిన మళ్లీ అందుకుంది. పేపర్లన్నీ గట్టెక్కాయి, కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఒక్కటే మొరాయించింది. ఏదో తెల్లటి ఉప్పు చేతికిస్తారు; ద్రవాలు కలిపి చూసి, మంటలో అదిచ్చే రంగు చూసి, అందులో దాగిన లోహమేదో కనిపెట్టాలి. కిందటేడు మంట పసుప్పచ్చగా లేవగానే సోడియం అని రాసేసి తప్పింది. ఈసారీ తప్పితే మళ్లీ రాసే వీల్లేదు. మందుల ఫ్యాక్టరీ ల్యాబులో ఇస్తామన్న ఉద్యోగం కూడా పోయినట్టే.

అన్నయ్యకు వేళాకోళం ఎక్కువ. "కూరలో ఉప్పు సంగతి తేల్చలేని మనిషి కాలేజీ ఉప్పుకు పేరు పెడుతుందట!"

"తేల్చడానికేగా ముందు మీకు వడ్డించేది," అనేది వదిన.

ఒకరోజు పొయ్యి మీద ఉప్పునీళ్లు పొంగి, నీలిమంట భగ్గున పసుప్పచ్చగా మారింది. వదిన గరిటె పట్టుకునే నన్ను కేకేసింది.

"అమ్మాయ్, ఇలా రా! కిందటేడు మంటలో పెట్టే తీగను శుభ్రంగా ఉందో లేదోనని వేళ్లతో తుడిచాను. భయంతో చేతులు ఒకటే చెమట. చెమటలో ఉండేది ఉప్పేగా, ఉప్పులో ఉండేది సోడియమేగా! వాళ్లిచ్చింది వదిలేసి నా చేతిని పరీక్ష చేసుకుని వచ్చానే!"

పరీక్షనాడు తోడు వెళ్లి, ల్యాబు కిటికీ పక్కన పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఒక్క పేజీ తిప్పితే ఒట్టు. లోపల వదిన ఏ ద్రవం కలిపినా గొట్టంలో మడ్డి దిగలేదు, నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఇక మంటే దిక్కు. తీగను ఆమ్లంలో ముంచింది, కాల్చింది, మళ్లీ ముంచింది. వేలు మాత్రం గాజు పిడి దాటలేదు. మంటలో రంగేమీ రాదని తేలాకే ఉప్పు అద్దింది.

మళ్లీ పసుపే!

పక్క బల్ల అమ్మాయి గుసగుసలాడింది. "సోడియమే ఆంటీ, రాసేయండి."

"నువ్వు రాసుకో తల్లీ. నాకోసారి కాలింది."

వదిన నీలిగాజు పలకను కంటికి అడ్డం పెట్టుకుంది. పసుపును ఆ గాజు మింగేస్తుంది; దాని మాటున ఇంకేదైనా ఉంటే అప్పుడు బయటపడుతుంది. ఆమె భుజాలు ఒక్కసారిగా నిటారుగా లేచాయి.

ఎగ్జామినర్ వచ్చాడు. "పసుపు కనిపించిందిగా, సోడియం కాదా?"

"అది కాస్త మలినమండీ. అసలుది దాని వెనకాల ఉంది, ఇందులోంచి చూడండి."

ఆయన చూశాడు. లేత ఊదా మంట. ఆ రంగు చూశాక రుజువు కోసం ఆమె ఇంకో గొట్టంలో చేసి ఉంచిన పరీక్షా చూశాడు: ఆ లోహం ఉంటే దిగే పసుప్పచ్చటి మడ్డి అడుగున దిగి ఉంది.

"పొటాషియమే. భేష్!"

వదిన రెండు చేతులూ పైకెత్తి, "పొటాషియం!" అని వరండా అదిరేలా అరుస్తూ వచ్చింది. తర్వాత ఆ ఫ్యాక్టరీ ల్యాబులోనే చేరి, చివరికి దానికే పెద్ద అధికారిగా రిటైరైంది.

పరీక్షనాటి సాయంత్రం అన్నయ్య దండం పెట్టాడు. "ఇక నీ ఉప్పు విషయంలో నోరెత్తను తల్లీ."

"నోరు తెరవండి ముందు," అంది వదిన, కూర వడ్డిస్తూ. "ఇందులో ఎక్కువైందో తక్కువైందో ఇంకా తేల్లేదు."