కళ్లలోంచి వెలుగు వస్తుందని వాదించిన రోజు

నాచారంలో నా మనవరాలు చదివే బడిలో సైన్సు సారు నిజాన్ని తిన్నగా చెప్పరు. వెనకటివాళ్లు ఎక్కడ పొరబడ్డారో ముందు చెప్పి, పిల్లల్ని రెండు జట్లు చేసి కొట్లాడిస్తారు. ఈసారి పాఠం చూపు. కంట్లోంచి వెలుగు బయలుదేరి వస్తువును తాకితేనే అది కనిపిస్తుందని ఒకప్పుడు గొప్పగొప్పవాళ్లే నమ్మారట. ఆ పాత మాటను నిలబెట్టే జట్టు మా పిల్లకు చీటీలో వచ్చింది.

తెలుగు మీడియం నుంచి ఈ ఇంగ్లీషు బడికి వచ్చి ఏడాదైనా అది తరగతిలో నోరు విప్పింది లేదు. ఈసారీ మాట్లాడకపోతే పాత బడికే పంపుతానని నా కొడుకు తేల్చేశాడు.

"నాకు రాదు నానమ్మా."

"ఏడుస్తవేందే? నిజం మన దిక్కే ఉన్నది. కండ్లలకెళ్లి ఏం రాకపోతే దిష్టి ఎట్ల తగుల్తది?"

నేను చదివింది మూడో తరగతే. అయినా ఇందులో నాకు అనుమానం లేదు.

వాదన చూడటానికి ఇంటివాళ్లనూ పిలిస్తే వెళ్లాను. పిల్ల లేచి నిలబడింది. చేతిలో చీటీని మడత మీద మడత పెడుతోంది. చూడలేక నేనే లేచాను.

"సారూ, జర నన్ను చెప్పనియ్యున్రి. మల్లాపూర్ల ఏ కంపెనీ షెడ్డుకన్న పోయి సూడున్రి, దిష్టి గుమ్మడికాయ యాలాడుతది. గన్ని మిషన్లు కొన్నోళ్లు పిచ్చోళ్లా? మా పక్కింటామె సూసి పోతే మా పాలు ఇరుగుతయ్. ఆమె కండ్లలకెళ్లి ఏదో వచ్చినట్టా, కాదా?"

ఎదుటి జట్టు కాగితాలు తిరగేసింది. వాళ్లు బట్టీపట్టిన ఇంగ్లీషులో దిష్టి మాటే లేదు. మావాళ్లు బల్లలు చరిచారు. అంతలో నా వెనక నుంచి మా పిల్ల గొంతు.

"గట్లయితే కరెంటు పోతే కండ్లద్దాలకు ఎందుకు తడుముకుంటవ్ నానమ్మా? కండ్లల్ల వెలుగుంటే చీకట్ల గూడ కనపడాలె గద!"

"నువ్వెవల దిక్కే?"

"నీ దిక్కే. గానీ నువ్వు చెప్పేది తప్పు."

"చీకట్ల సూసేదేముంది? కండ్ల వెలుగు దండుగని నేనే బంద్ పెడ్త!"

తరగతి గొల్లుమంది. పిల్ల నవ్వలేదు. "గ్యాస్ అయిపోతదని పాలు ఒక్కసారే కాస్తవ్. గందుకే ఇరుగుతయ్. పాపం, ఆమెనంటవేంది?" అని మొదలుపెట్టి, గంట కొట్టినా ఆపలేదు.

మా జట్టు ఓడింది. మావాళ్లంతా మా ఇద్దరినీ మింగేసేలా చూశారు.

సారు మాత్రం నా దగ్గరికొచ్చారు. "మూడు పలకల గాజులోంచి తెల్లటి వెలుగు పోతే పడే రంగుల్ని ఆ గాజే అద్దుతుందని కూడా ఒకప్పుడు అనుకునేవారమ్మా. వచ్చేవారం ఆ పక్షాన మాట్లాడతారా?"

"అద్దుతది సారూ. కొత్తచీర నానబెడితే పక్క బట్టకు రంగు అంటదా?"

నా మాట పూర్తికాకముందే మా పిల్ల చెయ్యెత్తింది. "సార్, నేను ఎదుటి జట్టు."