కండక్టరమ్మ కుర్చీ ఆట

కండక్టరమ్మకు అందరి సంగతులూ కావాలి. ఎదురింటి కిటికీకి కొత్త పరదా వేలాడితే అదెక్కడ కొన్నారో, పాతదానికేం రోగమొచ్చిందో తెలిసేదాకా ఆవిడకు కాలు నిలవదు. సిటీ బస్సులో టికెట్లు కొట్టినన్నాళ్ళూ ఆ బుద్ధికి కావలసినంత మేత దొరికింది. ఏ సీటు కాస్త ఖాళీ అయినా చతికిలబడి, పక్కవాళ్ళ కష్టసుఖాలు ఆరా తీసేది. విన్నవాటికి చిలవలు పలవలు చేర్చి రాసిన కథలు వారపత్రికల్లో అచ్చయ్యాయి కూడా. "మా వదినవి చెవులు కావు, చేటలు" అని తమ్ముడి భార్య వేళాకోళం చేసేది. అందులో అబద్ధమేమీ లేదు.

రిటైరయ్యాక ఆ కథల పుణ్యమా అని బాలికల నిర్బంధ గృహం నుంచి పిలుపొచ్చింది. ఏదో ఒక నేరంలో చిక్కుకున్న ఆడపిల్లల్ని ఉంచే చోటది. వారానికోసారి వెళ్ళి వాళ్ళచేత కథలు రాయించాలి. సూపరింటెండెంటు మేడమ్ పెట్టిన షరతు ఒక్కటే: "ఏం చేసి వచ్చావని ఏ పిల్లనీ అడక్కూడదు."

కండక్టరమ్మ బుద్ధిగా తలూపింది. ఊపడమైతే ఊపింది గానీ, పుట్టుకతో వచ్చిన గుణాన్ని చేతిసంచీతో పాటు గేటు దగ్గర అప్పజెప్పడం కుదురుతుందా? మొదటిరోజే, తలుపు పక్కన ముడుచుకు కూర్చున్న బక్కపిల్ల దగ్గర నోరు జారింది. "ఇంత లేతదానివి, నువ్వేం చేశావే తల్లీ?"

ఆ పిల్ల తల దించేసుకుంది. ఇక పెన్సిలు ముట్టుకోలేదు, పెదవి విప్పలేదు. తర్వాత ఎంత నాలుక్కరుచుకుని ఏం లాభం?

కండక్టరమ్మకు అన్నం సయించలేదు. అడక్కుండా పిల్లల్ని మాట్లాడించేదెలా అని బుర్ర బద్దలు కొట్టుకుని, చివరికి ఓ ఆట కనిపెట్టింది. గది నడుమ ఓ ఖాళీ కుర్చీ. అందులో ఎవరో ప్రయాణికుడు కూర్చున్నాడనుకోవాలి. ఎవరైనా ప్రశ్న వెయ్యొచ్చు, ఎవరికి తోస్తే వాళ్ళు ఆయన తరఫున జవాబు చెప్పొచ్చు. ఆ జవాబుల్నే ఆఖరికి కథగా రాసుకోవాలి. పిల్లలు తెగ ఎగబడ్డారు. కుర్చీలో మనిషిని పెళ్ళయిందా అన్నారు, గురక పెడతావా అన్నారు, మూటలో ఏముందన్నారు. మూటలో పిల్లికూన ఉందని ఒకర్తి అంటే, అది కొట్టుకొచ్చిందేనని ఇంకొకర్తి అంది. గది గొల్లుమంది. తలుపు పక్క పిల్ల మాత్రం నేల చూపులు చూస్తూ ఉండిపోయింది.

ఇలా వారాలు గడిచాయి. ఒకరోజు కుర్చీలో ఓ ముసలాయన. ఎవరో అడిగారు: "తాతా, ఒక కాలికి చెప్పు లేదేం?"

తలుపు పక్కనుంచి సన్నటి గొంతు వచ్చింది. "ఎక్కేటప్పుడు జారిపోయింది. దిగితే బస్సు వెళ్ళిపోతుందని ఊరుకున్నాడు."

"మరి రెండోది ఎందుకు, పారెయ్యొచ్చుగా?"

"మొదటిది ఎవరైనా తెచ్చిస్తారేమోనని."

కండక్టరమ్మ పొంగిపోయి మళ్ళీ ఏం కూస్తుందోనని తన నోటికి తనే భయపడి, కొంగు అడ్డం పెట్టుకుంది.

ఈ మాట ఆఫీసుగదికి చేరింది. మేడమ్ పిలిపించి కూర్చోబెట్టింది. "వచ్చేవారం ఆ పిల్ల విచారణండీ. జరిగింది తన నోటితో చెబితే అమ్మమ్మ దగ్గరికి పంపే వీలుంది. చెప్పకపోతే ఇక్కడే ఎన్నాళ్ళో. లాయరుతో కూడా మాట్లాడదు. మీ దగ్గర నోరు విప్పిందట కదా, షరతు మీకు సడలిస్తున్నాను. అడగండి."

ఇన్నాళ్ళూ గొంతులో అడ్డం పడ్డ ప్రశ్నను వాళ్ళే అడగమంటున్నారు! ఇంటికొచ్చి చెబితే తమ్ముడి భార్య ఎగిరి గంతేసింది. "అడిగెయ్యండి వదినా! మాకూ చెప్పండేం."

ఆ 'మాకూ' దగ్గర కండక్టరమ్మకు చురుక్కుమంది. అడిగితే ఆ పిల్ల కోసం అడిగినట్టా, తన దురద తీర్చుకోవడానికా? ఎంత ఆలోచించినా రెండింటినీ విడదీయడం ఆవిడవల్ల కాలేదు.

తర్వాతి వారం, విచారణకు ముందురోజు, ఆ పిల్లను వరండాలో బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుంది.

"నిన్ను అడగమన్నారే. నాకూ తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది, దాచడమెందుకు? కానీ నేను అడగను. ఒకసారి అడిగి చేసిన నిర్వాకం చాలు. నువ్వు విచారణలో వాళ్ళకి చెప్పు. చెబితే అమ్మమ్మ దగ్గరికి పోవచ్చట."

పిల్ల గోళ్ళు గిల్లుకుంది. "అమ్మకి చెప్పాను," అంది. "అంతా విని వెళ్ళింది. మళ్ళీ రాలేదు."

కండక్టరమ్మకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. పిల్ల వీపు నిమిరింది.

"అమ్మమ్మ వాళ్ళింటికి మీరొస్తారా?"

"రమ్మంటే ఎందుకు రాను? ఈ ఊళ్ళో నాకు తెలియని బస్సుందా?"

"అయితే వాళ్ళకి చెప్తాను." పిల్ల మొదటిసారి తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది. "మీకు మాత్రం చెప్పను."

"అదేంటే! నేనేం పాపం చేశాను?"

"తెలుసుకోడానికైనా వస్తూ ఉంటారని."