తూము సంగతి నేను చూస్తాలెండి

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కాస్త పెంచి చెబుతాను. దోమని పిచ్చుక చేస్తాను, పిచ్చుకని గద్ద చేస్తాను, అంతకుమించి వెళ్లను. మా ఆవిడ డాక్టరు కాబట్టి నేను చెప్పే ప్రతి అంకెనీ కంగారుపడిన పేషెంటు బీపీలా చూసి, మనసులోనే ఒక ఇరవై తగ్గించుకుంటుంది. మీరూ అలాగే చదువుకోండి.

2006లో న్యూజెర్సీలోని పార్సిప్పనీలో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, బాగా ఉత్తరాన మెయిన్ అనే రాష్ట్రంలో సముద్రం ఒడ్డునున్న ఒక పల్లెకి వెళ్లాం. ఆవిడ వీసా షరతు అది. డాక్టర్లెవరూ రాని చోట మూడేళ్లు పనిచేయాలి. ఎవరూ ఎందుకు రారో కారు దిగిన పది నిమిషాల్లో నాకు తెలిసిపోయింది. ఆ గాలికి కారు డోరు తెరవాలంటే ఇద్దరు పట్టాలి, తెరిచాక మూయాలంటే ఊరంతా రావాలి. దిగుతూనే నా తలమీది టోపీ ఎగిరిపోయింది. ఈపాటికి పోర్చుగల్లో ఎవరో పెట్టుకుని తిరుగుతూ ఉంటారు.

మాది ఒక కంకర సందు. తొమ్మిది ఇళ్లు. ఒక పక్క రాళ్లు, రాళ్ల కింద సముద్రం. ఇంకో పక్క ఎప్పుడూ నీళ్లు నిలిచే బాడవ నేల. మేం అద్దెకి తీసుకున్నది సందు కొసన ఉన్న చెక్క ఇల్లు. ఆ ఇంట్లో హీటరు వేస్తే బయట ఉన్న సీగల్ పక్షులకి వెచ్చగా ఉండేది, మాకు ఉండేది కాదు. కిటికీలోంచి సముద్రం ఎంత దగ్గరగా కనపడేదంటే, టీ తాగుతుంటే అది వంగి కప్పులోకి చూసేది.

మాకు పొరుగాయన ఒక ముసలాయన. ఎనభైకి దగ్గరపడ్డాడు, అయినా రోజూ పడవేసుకుని వెళ్లి లాబ్‌స్టర్లు పట్టేవాడు. వాళ్ల తాతగారు స్కాట్లండ్ తీరం నుంచి వచ్చాడట. అక్కడా అచ్చం ఇవే రాళ్లు, ఇదే వాన, ఇదే గాలి అని చెప్పాడు.

"మరి అంత దూరం పడవెక్కి రావడం దేనికి?" అన్నాను.

"మార్పు కోసం," అన్నాడు.

అలవాటుకొద్దీ ఆయన్ని "అంకుల్" అని పిలిచాను. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, "మీ అమ్మగారికి నేను అన్నయ్యనని ఆవిడకి తెలుసా?" అన్నాడు. ఇక నా పేరు ఆయన నోటికి ఎక్కలేదు. నేను ఆ సందులో ఉన్నన్నాళ్లూ నన్ను "డాక్టరుగారి మొగుడూ" అనే పిలిచాడు.

ఇప్పుడు అసలు గొడవ. హాస్పిటల్ ఉన్న టౌను పన్నెండు మైళ్లు. డాక్టరు ఆన్-కాల్‌లో ఉంటే పేజర్ మోగిన అరగంటలో అక్కడ ఉండాలి. హాస్పిటల్ ఎదురుగా అపార్ట్‌మెంట్లున్నాయి. మంచి హీటరు, కింద పిజ్జా షాపు, ఇంటర్నెట్టు. మా ఆవిడ కన్ను దానిమీద. నా మనసు మాత్రం ఈ చెక్క ఇంటిమీద పడింది. వాదన రెండు వారాలు నడిచి, పందెంలో తేలింది.

"ఏవండీ, నేను ఆన్-కాల్ ఉన్న రోజు ఈ రోడ్డు మూలంగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి లేటయ్యానంటే, ఆ వారమే అపార్ట్‌మెంట్‌కి మారిపోవాలి. మళ్లీ నసగకూడదు."

"ఒక్కసారి కూడా అవ్వవు, చూడు," అన్నాను.

ఆ మాటకి ఎంత ధైర్యం కావాలో నాకు అప్పుడు తెలీదు. మా సందు మధ్యలో పల్లంలోకి దిగుతుంది. అక్కడ బాడవలోంచి వచ్చే వాగు రోడ్డు కిందుగా ఒక తూములోంచి సముద్రంలో కలుస్తుంది. తూము పూడితే వాగు రోడ్డెక్కుతుంది. రోడ్డెక్కితే తొమ్మిది ఇళ్లూ ఒక దీవి. ఆ సందు కౌంటీ సర్కారుది కాదు, ఎవరిదీ కాదు, మా తొమ్మిది ఇళ్లదే. అందుకని ఏడాదికోసారి అందరూ ఒక వంటింట్లో కూర్చుని, ఆపిల్ పై తింటూ, రోడ్డు గురించి మీటింగ్ పెట్టుకుంటారు.

మేం వెళ్లిన శరదృతువులోనే ఆ మీటింగ్. ముసలాయన అధ్యక్షుడు. తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దావిడ నోట్సు రాస్తోంది. ముసలాయన గొంతు సవరించుకుని, "ఈ ఏడు తూము ఎవరు చూస్తారు?" అన్నాడు. అందరూ ప్లేట్లలో ఉన్న ఆపిల్ పై ముక్కల్లోకి చూశారు. నేను కొత్తవాణ్ణి, ఎటు చూడాలో తెలీక ఆయన వంకే చూశాను. పట్టేశాడు.

మనవైపు ఇలాంటప్పుడు ఏమంటాం? "చూద్దాంలెండి" అంటాం. ఆ మాటకి అర్థం పుట్టిన ప్రతివాడికీ తెలుసు. చెయ్యను, నన్ను వదిలెయ్యండి, మీరూ బాగుండాలి, నేనూ బాగుండాలి అని. నేను అదే మాటని ఇంగ్లీషులో పెట్టాను. "ఐ విల్ సీ" అంటే మరీ పొట్టిగా, పెడసరంగా ఉంటుందేమోనని, మర్యాద కోసం చివర "టు ఇట్" తగిలించాను.

ఆ మర్యాద నా కొంప ముంచింది. అలా కలిపితే "ఆ పని పూర్తిగా నాదే" అని అర్థమట. గది ఒక్కసారి ఊపిరి వదిలింది. పెద్దావిడ రాసుకుని, గట్టిగా చదివింది: "తూము బాధ్యత డాక్టరుగారి భర్త తీసుకున్నారు." ముసలాయన లేచొచ్చి నా చెయ్యి ఊపాడు. ఆ ఊపుకి నా భుజం ఇప్పటికీ వానొచ్చే ముందు చెబుతుంది. నాకు ఆపిల్ పై రెండో ముక్క వడ్డించారు.

ఇంటికొస్తూ మా ఆవిడ దారంతా పడీపడీ నవ్వింది. "చూద్దాంలెండి అనబోయారు కదూ?"

"కాదు. మనస్ఫూర్తిగానే అన్నాను," అన్నాను. ఆ క్షణంలో నిర్ణయించుకున్నాను కూడా. ఈ తూము పూడదు. నా కంఠంలో ప్రాణముండగా పూడదు.

ఆ చలికాలమంతా నేను తూముతోనే కాపురం చేశాననుకోండి. ఫ్రిజ్ మీద పిల్లల బొమ్మలు పెట్టుకునే చోట ఆటుపోట్ల పట్టిక అంటించాను. పోటు వచ్చినప్పుడల్లా, తీసినప్పుడల్లా వెళ్లి చూసేవాణ్ణి. సముద్రపు నాచు ఏనుగు జడలంత వచ్చేది. ఏనుగుకి జడలుండవని తెలుసు, ఉంటే అంత ఉండేవి. పైగా మా సందు మొత్తానికి సెల్‌ఫోన్ సిగ్నల్ దొరికేది ఆ తూము మీదే. అందుకని న్యూజెర్సీ క్లయింటుతో కాన్ఫరెన్స్ కాల్స్ అక్కడినుంచే. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో పార.

"అదేంటి, వెనక ఏదో హోరు?" అనేవాడు క్లయింటు.

"సర్వర్ రూములో ఉన్నాను."

ముసలాయన పొద్దున్నే పడవకి వెళ్తూ తన పికప్ ట్రక్కు ఆపి చూసేవాడు. "డాక్టరుగారి మొగుడూ, పార తిరగేసి పట్టుకున్నావ్." మర్నాడు, "ఇవాళ సరిగ్గా పట్టుకున్నావ్, నువ్వే తిరగబడ్డావ్." మార్చి వచ్చేసరికి ఆ మాటలూ ఆగిపోయాయి. ఆపి, చూసి, స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తి వెళ్లిపోయేవాడు. ఆ సందులో అది గండపెండేరంతో సమానం.

మార్చిలో ఒక ఆదివారం. రెండు రోజుల వాన, దాని కింద కరుగుతున్న మంచు. పొద్దున పదిగంటలకి మా ఆవిడ పేజర్ మోగింది. నేను అప్పటికే తూము దగ్గరున్నాను. పోటు తీసేసింది, సముద్రం దిగింది, కానీ బాడవలో నీళ్లు దిగడం లేదు. పైపెచ్చు ఎక్కుతున్నాయి. రాత్రి పోటులో ఏదో కొట్టుకొచ్చి, తూముకి సముద్రం వైపున్న నోట్లో ఇరుక్కుంది. బాడవ నీళ్లు రోడ్డు అంచుకి జానెడు కింద ఉన్నాయి. చూస్తుండగానే ఆ జానెడు బెత్తెడయింది.

కారు వచ్చి ఆగింది. ఆవిడ అద్దం దించింది. "ఎంతసేపు?"

"ఐదు నిమిషాలు."

"ఐదు నిమిషాల్లో తేలకపోతే పక్కూరి డాక్టర్ని పిలిపిస్తారు. పేషెంటుకి ఏం కాదు, కంగారు పడకండి," అని వాచీ చూసుకుంది. తర్వాత మెల్లిగా అంది, "పందెం మాత్రం పందెమే."

వెనకే పికప్ వచ్చింది. ముసలాయన పడవల్ని లాగే కొక్కెం కర్ర ఒకటి నా చేతికిచ్చి, తను ఒడ్డున నిలబడ్డాడు. నేను రొమ్ముదాకా వచ్చే రబ్బరు ప్యాంటుతో దిగాను. నీళ్లు మెడలోతు. ఆ నీటి చలికి నేను తెలుగు అక్షరాలు సగం మర్చిపోయాను, ళ ఇంకా తిరిగి రాలేదు. కొక్కెం వేసి లాగితే ముందు బండెడు నాచు వచ్చింది. తర్వాత తాడు. తాడు పట్టుకుని లాగుతుంటే ముసలాయన పైనుంచి, "లాగు! అది చేప కాదు, బతిమాలకు!" అని అరుపు. పాదాలు రాళ్ల సందుల్లో తన్ని పెట్టి, పళ్లు బిగించి, ఇంకోసారి లాగాను. ఇంకోసారి. ఇంకోసారి.

ఊడింది. ఒక లాబ్‌స్టర్ బోను, ఇనప తీగలతో అల్లినది, మా ఫ్రిజ్ అంత. దాని తాడుకి ముసలాయన పడవ రంగులేసిన చెక్క ముక్క కట్టి ఉంది.

"ఇది మీదే!" అన్నాను.

"నాది కాదు," అన్నాడు, ఆ రంగుల వంకే చూస్తూ. "అయినా ఇటివ్వు."

అప్పుడు తూము గుటక వేసింది. బాడవ మొత్తం ఒక్కసారి నా మీంచి వెళ్లింది. నేను లేచి నిలబడేసరికి రోడ్డు పొడిగా ఉంది. కారు నా పక్కనుంచి దాటింది. ఆవిడ వేగం తగ్గించి, అద్దంలోంచి, "గెలిచారండీ!" అని అరిచి వెళ్లిపోయింది.

ఈ కథని నేను పార్సిప్పనీ డిన్నర్లలో, ట్రాయ్ అనే ఊళ్లో ఒక పెళ్లిలో, ఇంకా అడగనివాళ్లకి కూడా ఇలాగే చెప్పాను. మా ఆవిడ పక్కనే కూర్చుని, పెరుగన్నం కలుపుకుంటూ, ఒక్కసారి కూడా అడ్డురాలేదు. ఇక రాయడం మొదలుపెట్టాక నిజం చెప్పాలి. నీళ్లు నడుములోతే. బోను ఫ్రిజ్ అంత లేదు, కానీ అవి పెంచడాలు, కల్పించడాలు కావు. కల్పించింది ఒక్కటే.

అపార్ట్‌మెంట్ కావాలన్నది ఆవిడ కాదు, నేను. ఆ కిటికీ చూసి అక్కడే బ్యాగులు దించేసింది ఆవిడ. హీటరు, పిజ్జా, ఇంటర్నెట్టు అని రెండు వారాలు సతాయించి పందెం వేసినవాణ్ణి నేను. మొదట్లో తూము దగ్గరికి వెళ్లింది అదెప్పుడు పూడుతుందా అని చూడ్డానికే. కానీ తొమ్మిది ఇళ్లవాళ్లు నా మాట కాగితం మీద రాసుకున్నాక, ఊరికే చూస్తూ నిలబడటం నా వల్ల కాలేదు. ముందు ఒక కర్ర పట్టుకెళ్లాను. తర్వాత పార. తర్వాత నాకే పంతం పట్టింది.

ఆ ఆదివారం నేను ఐదు నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడితే చాలు, అపార్ట్‌మెంట్ తాళాలు నా చేతిలో ఉండేవి. నీళ్లలో ఉండగా ఆ సంగతి గుర్తొచ్చింది కూడా. గుర్తొచ్చాకే ఇంకా గట్టిగా లాగాను.

మూడేళ్ల షరతు అయ్యాక కూడా ఆ ఇంట్లో ఇంకో ఐదేళ్లు ఉన్నాం. ఆవిడ ఆ రోజు కార్లోంచి అరిచిన మాట ఏంటంటే, "ఓడిపోయారండీ!"