సీలు తీయని మీటరు

పక్కింటి అమ్మాయి తన ల్యాబ్ రికార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. స్మార్ట్ మీటర్ ప్రయోగం, పది రీడింగులు, కింద లెక్చరర్ ఎర్ర సంతకం.

“ఇవి నేను తీసినవి కావు పెద్దబాపు. సీనియర్ల రికార్డు చూసి రాసిన. వాళ్లకు యాడికెల్లి వచ్చినయో నాకు తెల్వది.”

ఆమె ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉంది. తండ్రికి మరమగ్గాల షెడ్డు ఉంది. నిరుడు షెడ్డు మీద సోలార్ పలకలు వేయించాడు. ఎండ బాగా కాసే మధ్యాహ్నమే ఇన్వర్టర్ ఆగిపోతోంది. “ఇంట్ల ఇంజనీర్ ఉండంగ మెకానిక్ ఎందుకు?” అని ఒకరోజు పనివాళ్ల ముందు బిడ్డను పిలిచాడు. ఆమె అరగంట దాని ముందు నిలబడి, చివరికి వీధి చివరి ఎలక్ట్రీషియన్‌ను పిలుచుకొచ్చింది.

ఆ చదువులో ఆమెను చేర్పించింది ఒక రకంగా నేనే. నాలుగేళ్ల కిందట ఆ కాలేజీ కొత్త ల్యాబ్ ప్రారంభానికి విలేకరిగా వెళ్లాను. తెర మీద స్మార్ట్ మీటర్ గ్రాఫ్ కదులుతోంది. రేపటి కరెంటు ఇంజనీర్లు ఇక్కడే తయారవుతారని రాశాను. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర రాయాలంటే బస్తాలో చెయ్యి పెట్టి చూసే అలవాటు నాది. ఆ రోజు మాత్రం తెర వెనక వైరు దేనికి కలిసిందో అడగలేదు. నా వార్త కత్తిరించుకొని వచ్చిన ఆమె తండ్రి, “నువ్వు రాసినవంటే చూసే రాస్తవ్ గదన్నా” అన్నాడు.

మర్నాడు ఇద్దరం కాలేజీకి వెళ్లాం. ల్యాబ్ చూసే లెక్చరర్ బీరువా తెరిచాడు. మీటరు పెట్టెకు కంపెనీ టేపు అలాగే ఉంది.

“తెరిస్తే పాడైతది సార్. స్టాక్ రిజిస్టర్‌ల నా సంతకం ఉంది. తనిఖీకి వచ్చినోళ్లు పెట్టెలు లెక్కవెట్టుకొని పోతరు.” టేపు మీద దుమ్ము తుడుస్తూ, “నేను మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చదివినోణ్ణి. సిలబస్ మార్చిన్రు. నాకెవరు నేర్పిన్రు?” అన్నాడు.

ఆ అమ్మాయి సొరుగులోంచి కంపెనీ విడిగా ఇచ్చిన మీటరు పుస్తకం తీసి తిరగేసింది. అందులో నమూనా కోసం అచ్చువేసిన పట్టిక పక్కన తన రికార్డు పెట్టింది. పది అంకెలూ అవే.

“మరి సంతకం ఎట్ల పెట్టిన్రు సార్?”

“ఏటా అవే వస్తున్నయ్ గదమ్మా, కరెక్టే అనుకున్న.”

బయటికి వస్తుంటే వరండా గోడ మీద అద్దం కట్టించిన నా వార్త కనిపించింది, నా పేరుతో సహా. ఆమె దాని ముందు ఆగి, “మా బాపు దీన్ని నాలుగుసార్లు చదివించిండు పెద్దబాపు” అంది.

చూసిందంతా రాసి నా పాత పత్రికకు పంపాను. “అడ్మిషన్ల సీజన్ సార్, కాలేజీల ప్రకటనలు వస్తున్నయ్, జర ఆగుదాం” అన్నాడు డెస్కులో నేను పని నేర్పినవాడు. ఆ సీజన్ అయిపోయింది. అమ్మాయికి డిగ్రీ చేతికి వచ్చింది. ఆ రోజు వచ్చిన ఎలక్ట్రీషియన్, మధ్యాహ్నం లైను వోల్టేజీ పెరిగి ఇన్వర్టర్ ఆగిపోతోందని మాత్రం చెప్పి వెళ్లాడు. అది ఎందుకు పెరుగుతోందో ఆమె ఇప్పటికీ తండ్రికి చెప్పలేకపోతోంది. నేను పంపిన వార్త అచ్చు కాలేదు, వరండాలో పాతది ఇంకా వేలాడుతూనే ఉంది.