మేనత్త గీసిన గళ్ళు

మొన్న తెనాలిలో మా అపార్ట్‌మెంట్ కింద పిల్లలు సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసుకుంటే, వాచ్‌మన్ తడిగుడ్డ పెట్టి తుడిచేశాడు. నాకు ఒళ్ళు మండింది. నేల మీద గళ్ళు గీయడమే ఉద్యోగంగా బతికిన మనిషి మా ఇంట్లో ఉండేది మరి.

ఆవిడ మా మేనత్త. కంప్యూటర్ గదిలోకి జనం చెప్పులు విడిచి వెళ్ళే రోజుల్లో హైదరాబాదులో ఒక కంపెనీలో చేరింది. అక్కడ పని అప్పజెప్పగానే అందరూ కీబోర్డు ముందు కూర్చునేవారు. ఈవిడ మాత్రం ముందు నేల మీద గళ్ళు గీసేది. ఒక్కో గడి ఒక్కో పని. మనుషుల్ని వాటిలో నిలబెట్టి, నువ్వు కొనేవాడివి, నువ్వు అమ్మేవాడివి అని నడిపించి చూసేది. ఎక్కడ ఇద్దరు గుద్దుకుంటే అక్కడ ప్రోగ్రాం కూడా ఆగిపోతుందని ఆవిడ వాదన. రాయకముందే ప్రోగ్రాంను నడిపి చూడాలనడం అప్పట్లో వింత. వెనకాల నవ్వుకునేవారట. ఆవిడ పట్టించుకోలేదు. మా వంశంలో మొండితనం ఆడవాళ్ళకే ఎక్కువ వచ్చింది.

రేపల్లెలో ఒక ఆసుపత్రికి ప్రోగ్రాం రాసే పని వచ్చింది. ఈ పద్ధతిలో చేయమని కంపెనీ ఇచ్చిన మొదటి పెద్ద పని అదే. తేడా వస్తే ఇక గళ్ళ మాట ఎత్తవద్దని పైవాళ్ళు ముందే చెప్పారు. అత్తయ్య తెనాలి వచ్చి మా పాతింటి వసారా నిండా గళ్ళు గీసింది. మా నాయనమ్మ మోకాళ్ళ నొప్పుల రోగి, ఆ పాత్రకు ఆవిడ నటించనక్కర్లేదు. బాబాయి డాక్టరు, నేను మందుల కొట్టు. వేమూరు నుంచి వచ్చిన చుట్టాలు కాఫీ తాగకముందే రోగులైపోయారు. వంటింట్లోంచి పెసరట్ల వాసన వస్తున్నా ఎవరూ గడి దాటలేదు. అంతా సాఫీగా సాగింది. అత్తయ్య మురిసిపోయింది.

తర్వాత ఆసుపత్రి వరండాలో అవే గళ్ళు గీసి, నిజంగా వైద్యానికి వచ్చిన జనంతో నడిపి చూసింది. నేనూ వెంట వెళ్ళాను. ఒక్క పూటలో అంతా చెడింది. మన వైపు ఆసుపత్రికి ఒంటరిగా ఎవరు వెళతారు? అన్న చీటీ రాయించే గడిలో, చెల్లెలు మందుల గడిలో, బావ డాక్టరు గడిలో. రోగి మాత్రం బయట రిక్షాలో. మా ఇంట్లో ఇది బయటపడకపోవడానికి కారణం ఒక్కటే, మాకందరికీ అత్తయ్యంటే భయం. గీత దాటొద్దంటే దాటలేదు. జలుబు చేస్తే వీధివీధంతా వెంటేసుకెళ్ళే నాయనమ్మ కూడా బుద్ధిగా ఒక్కతే నిలబడింది.

కంపెనీ నుంచి వచ్చిన పెద్దాయన, ఇలాగే కంప్యూటర్లోకి ఎక్కించేద్దాం, జనమే అలవాటు పడతారు అన్నాడు. అత్తయ్య చేతుల సుద్ద కొంగుకు తుడుచుకుంది.

"జనం తప్పేం లేదండి. గీసింది నేను. తోడొచ్చినవాళ్ళకి గడి పెట్టాలి. నాలుగు రోజులు గడువివ్వండి, మళ్ళీ గీస్తాను."

ఇవ్వలేదు. పని ఇంకొకరికి అప్పగించారు. ఆవిడ ఉద్యోగం మానేసి, రోజూ తెనాలి నుంచి రైల్లో వెళ్ళి బాపట్లలో ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు చెప్పుకుంది. క్లాసులో గళ్ళు గీయించి, గీసినవాళ్ళను మూలన నిలబెట్టి నోరు మెదపనిచ్చేది కాదు. వాళ్ళు మాట్లాడితే నడిచేవాళ్ళు నిజంగా నడవరని చెప్పేది. తను గీసినప్పుడు తనకూ అదే నియమం. నోరు మూసుకుని నిలబడటం ఆవిడకెంత శిక్షో మాకు తెలుసు.

ఆవిడ చివరి రోజుల్లో అడిగాను, ఆ వేళ ఊరుకుని ఉంటే బాగుండేదేమో అని.

"ఉద్యోగం ఉండేదే. తోడొచ్చినవాళ్ళని మాత్రం రోజూ బయటికి గెంటేసేవాళ్ళు, నా గీతలు చూపించి," అంది.

ఆవిడ పోయాక పలకరించడానికి వచ్చిన శిష్యుడొకడు ఆ పాత కంపెనీలోనే పెద్ద హోదాలో ఉన్నాడు. ఇప్పుడక్కడ ఏ పని మొదలుపెట్టినా, గళ్ళు గీసి నడిపి చూడటానికి, తేడా వస్తే మళ్ళీ గీయడానికి ముందుగానే గడువు కేటాయిస్తారట. వింటే సంతోషం కలగాలి. నాకు ఏడుపొచ్చింది. అందరికీ అడక్కుండానే దొరుకుతున్న ఆ నాలుగు రోజులూ, అడిగిన మనిషికి మాత్రం దొరకలేదు.