నిలబడి అడగడం నేర్పిన రాజేశమన్న

కోరుట్ల బజారులో ఒక దుకాణంవాడు దంచిన ఏలకుల పొట్లం విప్పాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే మస్కట్ గుర్తొచ్చింది, దాని వెంటే రాజేశమన్న. ఆయన పోయి రెండేళ్లయింది. సిరిసిల్లలో మరమగ్గం వదిలి వెళ్లి, ఇరవై ఏళ్లు ఒక అరబ్బు తోటలో చెట్లకు నీళ్లు పెట్టిన మనిషి. పెగడపల్లి నుంచి అదే తోటలో పనికి వెళ్లిన నాకు, పరాయి ఊళ్లో నలుగురిలో ఎలా మెలగాలో నేర్పింది ఆయనే.

మొదటి వారమే కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, కూర్చోబెట్టి గావా పోయించాడు. ఏలకులు దంచి వేసిన, పాలూ చక్కెరా లేని చేదు కాఫీ. వద్దంటే మర్యాద కాదేమోనని ఖాళీ కప్పు ముందుకు చాపుతూ పోయాను. వాళ్లు పోస్తూ పోయారు. ఏడో కప్పుకు నా ముఖం చూసి రాజేశమన్నకు నవ్వాగలేదు. "కప్పు గిట్ల ఊపి ఇయ్యాలె తమ్మీ. లేకుంటె పొద్దుగూకేదాక పోస్తనే ఉంటరు," అన్నాడు. ఎడమచేత్తో ఏదీ ఇవ్వొద్దనీ, ఇంటి ఆడవాళ్ల బాగోగులు అడగొద్దనీ, రంజాన్ రోజాల నెలలో పగటిపూట వీధిలో మంచినీళ్లయినా తాగొద్దనీ సొంత తమ్ముడికి చెప్పినట్టు చెప్పాడు.

నేను వెళ్లిన ఎనిమిదో నెలలో జగిత్యాల ఆసుపత్రి నుంచి నాయిన ఫోన్ చేశాడు. నా భార్యకు రక్తం తక్కువగా ఉందట, కాన్పు కష్టమట, వారంలో ఆపరేషనట. రెండేళ్లు నిండనిదే సెలవు లేదని ముందే చెప్పి ఉన్నారు. పరుగెత్తి వెళ్లి, ఇచ్చిన గావా పక్కకు నెట్టి, కఫీల్ పాదాలు పట్టుకున్నాను. తాతల నాటి నుంచి మాకు తెలిసిన అడగడం అదొక్కటే. ఆయన "అస్తగ్‌ఫిరుల్లా", దేవుడా క్షమించు, అంటూ ఉలిక్కిపడి లేచి లోపలికి వెళ్లిపోయాడు.

"గిదేం పనిరా తమ్మీ?" అన్నాడు రాజేశమన్న. "గీల్లు దేవునికి తప్ప ఎవ్వలికీ వంగరు. నువ్వు కాల్లు పడితె గాయినకు పాపం చుట్టుకున్నట్టే."

"కాల్లు మొక్కకుంటె ఇస్తడా అన్నా?"

"మొక్కినవ్ గదా, ఇచ్చిండా?"

నేను పక్కకు నెట్టిన గావా కప్పు తెచ్చి నా చేతిలో పెట్టాడు రాజేశమన్న.

"రేపు పొద్దుగాల పో. సలాం చెయ్యి, మంచిగున్నరా అని అడుగు, గావ తాగు. గప్పుడు మొఖం జూసి నీ ముచ్చట చెప్పు."

మర్నాడు అలాగే చేశాను. తల దించలేదు. కఫీల్ అంతా విని, "జావ్, బీవీకో దేఖో," పోయి భార్యను చూసుకో, అన్నాడు. నెల సెలవు! రాజేశమన్న పక్కనే ఉండి కూడా నా తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. నా మాట నన్నే అడగనిచ్చాడు. అందుకే ఆయనంటే నాకంత గౌరవం.

తల్లీ బిడ్డా దక్కారు. ఇరవై ఒకటో రోజున చేసే పురుడుకు, అంటే బిడ్డకు పేరు పెట్టే వేడుకకు, పిలవడానికి నాయినా నేనూ మా ఊరి పటేల్ ఇంటికి వెళ్లాం. నాయిన జీవితమంతా కూలి చేసింది ఆ పటేల్ పొలంలోనే. అలవాటుగా వంగబోయిన నాయిన భుజం పట్టుకుని ఆపాను.

"నమస్తె పటేలా, మంచిగున్నరా? నా బిడ్డ పురుడు. మీరు రావాలె," అన్నాను.

పటేల్ నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత కుర్చీ చూపించి, "కూసో," అన్నాడు.

ఆ కుర్చీలో నాయినను కూర్చోబెట్టాను. అంచు మీదే కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఎప్పుడు లేవమంటారో అన్నట్టు నా వైపే చూస్తున్నాడు.